కొమ్ము పనివారి చేతిలో డకోటా: పర్లాకిమిడిలో ఒక మరమ్మతు దుకాణం

ఒడిశాలోని పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో బొమ్మలు చేసే ఒక కుటుంబం, ఆ పనితోపాటు విరిగిపోయిన విమానాల, ఓడల నమూనాలను కూడా బాగుచేసి ఇస్తుంది. ఈ సంగతి బయట బోర్డు మీద ఎక్కడా రాసి ఉండదు. లోపలి అద్దాల బీరువాల్లో కొమ్ముతో చేసిన కొంగలు, రొయ్యలు, దువ్వెనలు తప్ప మరేమీ కనిపించవు. అడిగితేనే వెనుక గదిలోకి తీసుకువెళతారు. గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో ఇటువంటి సున్నితమైన వస్తువును నమ్మి అప్పగించగలిగిన చోటు నాకు తెలిసి మరొకటి లేదు కాబట్టి, వారి పనిలోని మంచినీ లోటునూ కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను తీసుకువెళ్లింది డకోటా అనే పాతకాలపు రెండు ఇంజిన్ల ప్రొపెల్లర్ విమానం నమూనా. మా పెదనాన్నగారు సునాబెడలోని ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఇంజిన్ల కర్మాగారంలో ఉద్యోగం చేసిన రోజుల్లో, ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ నమూనాల కంపెనీ వారి పాత అచ్చు ప్లాస్టిక్ ముక్కల కిట్‌తో, అసలు విమానంలో 72వ వంతు కొలతకు చేసినది. అసలు డకోటా రెక్కల కొస నుంచి కొసకు 29 మీటర్లు ఉంటుంది గనుక, నమూనాలో అది 40 సెంటీమీటర్లకు రవ్వంత పైన వస్తుంది. మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు తయారయ్యే చోట పనిచేస్తూ ఆయన డకోటాను ఎంచుకోవడంలో వింత ఏమీ లేదు. ఒడిశాలో ఆ తరం వారికి డకోటా అంటే బిజూ పట్నాయక్ గుర్తుకువస్తారు. కళింగ ఎయిర్‌లైన్స్‌ను స్థాపించిన ఆయన 1947 జులైలో ఇండోనేషియా నాయకుడు షహ్రీర్‌ను జావా నుంచి డకోటాలోనే బయటికి తీసుకువచ్చారు. ఆ సంస్థకు చెందిన వీటీ-ఏయూఐ అనే విమానం చాలా ఏళ్లు కోల్‌కతా విమానాశ్రయంలో పడి ఉండి, 2023 జనవరిలో విడిభాగాలుగా భువనేశ్వర్ చేరింది. మా నమూనా తోక మీద పెదనాన్నగారు సన్నని కుంచెతో రాసుకున్నవి కూడా ఆ అక్షరాలే.

బీరువా పలక జారిపడడంతో ఎడమ రెక్క ఇంజిన్‌కు అవతల విరిగింది. ఒక ప్రొపెల్లర్‌కు రెండు ఆకులు పోయాయి, ఒక చక్రం కాడ చిట్లింది. అంతకు చాలా ముందే కాక్‌పిట్ అద్దం ఊడిపోతే, వేరే ఊళ్లోని ఒక కానుకల దుకాణంవారు దాన్ని సూపర్ గ్లూతో అతికించి ఇచ్చారు. ఆ జిగురు ఆరేటప్పుడు లేచే ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి పొరగా కూర్చుంటుంది. పైలట్లు మంచులో చిక్కుకున్నారా అన్నట్లుండేది మా డకోటా.

దుకాణం యజమాని వస్తువును చేతిలోకి తీసుకున్న తీరు చూసే నాకు సగం నమ్మకం కుదిరింది. రెక్కనో తోకనో పట్టుకోకుండా, మధ్య భాగం కింద అరచెయ్యి పెట్టి ఎత్తి, భూతద్దం కింద విరుపును చూశారు. తరువాత దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి, ఎవరికీ కనపడని పొట్ట భాగంలో ఒక మూల మెల్లగా రుద్దారు. రంగు ఊడి రాలేదు. "ఇది ఎనామిల్ అండి మాస్టారూ, బాగా గట్టిపడిపోయింది. నేను వేసే రంగు దీనిమీద నుంచి ఎప్పుడు కావాలన్నా తుడిచేసుకోవచ్చు" అన్నారు. చేసే పనులతోపాటు చెయ్యని పనులు కూడా అప్పుడే చెప్పారు. పక్క కిటికీల లోపలి వైపు పట్టిన తెలుపును తియ్యాలంటే విమానం పొట్టను నిలువునా విడదీయాలి, విడదీస్తే వీపు మీది అతుకూ దాని పక్కనున్న రివిట్లూ, అంటే రేకులను బిగించే మేకుల తలల్లాంటి బుడిపెలూ పోతాయి, కాబట్టి కిటికీల జోలికి పోనన్నారు. అంతా కొత్తదానిలా చేసిస్తామనే మాట ఆయన నోట రాలేదు.

కాక్‌పిట్ అద్దం పని చూడడానికి నేను అక్కడే కూర్చున్నాను. సూపర్ గ్లూను కరిగించే ఎసిటోన్ ఈ కిట్ల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కూడా కరిగించేస్తుంది, అందువల్ల ఆ దారి మూసుకుపోయినట్లే. ఆయన నమూనాను సంచిలో చుట్టి ఫ్రిజ్ పై అరలో కొన్ని గంటలు ఉంచారు. చల్లదనానికి సూపర్ గ్లూ పెళుసెక్కుతుంది. సన్నని బ్లేడు కొసను అంచున దూర్చి మెలితిప్పగానే అద్దం టక్కున ఊడివచ్చింది. ఆ తరువాత జరిగినది అచ్చంగా కొమ్ము పని. వెయ్యి నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి, 1500, 2000 వరకు వెళ్లి, చివర కొమ్ము బొమ్మలకు నిగారింపు తెచ్చే మెత్తని గుడ్డతో, వేడి పుట్టకుండా మధ్యమధ్య ఆపుతూ రుద్దారు. ఆ తేడా ఆయనకు బాగా తెలుసు: కొమ్ము వేడికి మెత్తబడి చెప్పినట్లు వంగుతుంది, ఈ ప్లాస్టిక్ మాత్రం నూరు డిగ్రీల దరిదాపుల్లోనే ఆకారం కోల్పోతుంది. అద్దాన్ని తిరిగి పెట్టేటప్పుడు వాడింది మామూలు తెల్ల జిగురు. దానికి బలం తక్కువే, కానీ ఆవిరి లేవదు, పైగా అవసరమైతే నీటితో ఊడదీసుకోవచ్చు. ఇప్పుడు లోపలి రెండు సీట్లూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

రెక్క విషయంలో మాకు అదృష్టం కూడా కొంత కలిసివచ్చింది. అసలు డకోటాలో రెక్క మధ్య భాగం వేరు, కొసల భాగాలు వేరు. ఇంజిన్లు దాటిన వెంటనే ఆ రెండింటినీ వరుస బోల్టులతో బిగించి, పైన సన్నని పట్టీ కప్పుతారు. మా విరుపు దాదాపుగా ఆ గీత మీదే పడింది. ఆయన రెండు వైపులా చేతి బర్మాతో రంధ్రాలు చేసి, సన్నని ఇత్తడి తీగ ముక్కలను మేకుల్లా దించి, నీళ్లలా పలచగా ఉండే ప్లాస్టిక్ సిమెంటును కుంచెతో అంచున తాకించారు. అది సందులోకి తనంతట తానే పాకి, రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. అది ఆరేవరకు రెక్కను ఏ కోణంలో నిలపాలన్నదే అసలు చిక్కు. డకోటా మధ్య భాగం బల్లపరుపుగా ఉండి, కొసల భాగాలు మాత్రమే పైకి లేస్తాయి. ఆయన కుడి రెక్క వాలుకు సరిపోయేలా అట్టముక్క కత్తిరించి, దాన్నే తిప్పి ఎడమ రెక్క కింద ఆధారంగా పెట్టారు. ఎదురుగా నిలబడి కళ్లు చికిలించి చూసినా నాకు తేడా దొరకలేదు.

లప్పం పూసి రుద్దిన చోట మరో నష్టం జరిగింది. ఎయిర్‌ఫిక్స్ పాత అచ్చుల్లో రివిట్లు ఉబ్బెత్తుగా, అసలు విమానం మీద ఉండవలసిన దానికన్నా చాలా పెద్దగా, ఒళ్లంతా పరచుకుని ఉంటాయి. అది తప్పే అయినా ఆ తప్పే ఆ నమూనాకు వయసు చెబుతుంది. అతుకును నునుపు చేసేసరికి వాటిలో రెండు వరుసలు కొట్టుకుపోయాయి. చాలామంది అక్కడితో వదిలేస్తారు, నేనూ అడగలేదు. ఆయన మాత్రం తెల్ల జిగురును కొంచెం పలచన చేసి, సూది మొనతో ఒక్కొక్క చుక్కా పెడుతూ ఆ వరుసలను తిరిగి పూర్తిచేశారు. వెలుతురును పక్కనుంచి పడేలా పట్టుకుంటే కొత్తవి పాతవాటికంటే కాస్త చదునుగా ఉన్నట్లు తెలుస్తుంది, అంతే.

ఇంత ఓపిక ఉన్న మనిషి రంగు దగ్గర ఎందుకు తొందరపడ్డారో నాకు అర్థం కాలేదు. అతుకు చుట్టూ ఒక పట్టీ మేర రంగు కలిపితే సరిపోయేదానికి, ఎడమ రెక్క కొస భాగం మొత్తం మీద ఎయిర్ బ్రష్‌తో ఒకే వెండి రంగు కొట్టేశారు. డకోటా రెక్కలు అల్యూమినియం రేకువి గానీ, వాటి వెనుక అంచున కదిలే ఎయిలెరాన్లు గుడ్డ తొడిగినవి. తోక మీద కదిలే భాగాలూ అంతే. రంగు వెయ్యని లోహపు విమానంలో ఆ గుడ్డ భాగాలు మెరవకుండా కాస్త బూడిద రంగులో కనిపిస్తాయి. పెదనాన్నగారు ఆ తేడాను కుంచెతోనే చూపించారు. కొత్త రంగు కింద అది మాయమైంది, పైగా కుడి రెక్క వయసుతో పచ్చబడి ఉండగా ఎడమ రెక్క నిన్నటి గిన్నెలా మెరుస్తోంది. చెప్పగానే ఆయన వాదించలేదు. మొదటి రోజు చేసిన పరీక్ష ఇక్కడ పనికివచ్చింది: స్పిరిట్‌తో తుడిస్తే పైన వేసిన యాక్రిలిక్ (స్పిరిట్‌కు కరిగే రకం) రంగు వచ్చేసింది, కింద ఎనామిల్ చెక్కుచెదరలేదు. మళ్లీ పట్టీ మేరకే, కొంచెం గోధుమ రంగు కలిపి వేసి ఇచ్చారు. దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు. అయినా విమానాల గురించి ఏమీ తెలియనివారు వస్తువు ఇచ్చి వెళ్లిపోతే ఆ మొదటి రంగే ఇంటికి వచ్చి ఉండేది కదా. అందువల్ల వెళ్లేవారు అసలు విమానం ఫొటోలు వెంట తీసుకువెళ్లి, ఏ భాగం మీద రంగు వెయ్యాలో, దేన్ని ముట్టుకోకూడదో కాగితం మీద రాయించుకోవడం మంచిది.

పోయిన ప్రొపెల్లర్ ఆకుల స్థానంలో కొమ్ముతో చెక్కి పెడతానని ఆయన అన్నప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ నమూనాలో కొమ్ము ముక్క ఏమిటని మనసులో పీకుతూనే ఉంది. అయితే ఈ కొలతలో ప్రొపెల్లర్ నిండా 5 సెంటీమీటర్లు ఉండదు. మొదట లావుగా, కొసకు వచ్చేసరికి పలచగా, మధ్యలో మెలితిరిగి ఉండే ఆ ఆకును ప్లాస్టిక్ రేకులో చెక్కితే మళ్లీ విరగడం ఖాయం. కొమ్ము అంత పలచనయ్యాక కూడా వంగుతుందే గానీ విరగదు. ఆకురాయితో ఆయన ఆ మెలికను తెచ్చిన తీరు చూశాక ఇక అభ్యంతరం చెప్పాలనిపించలేదు. ప్లాస్టిక్ సిమెంటు కొమ్మును కరిగించలేదు కాబట్టి అరాల్డైట్‌తో అతికించారు. కొమ్ము తేమ పీలుస్తుందనీ, పురుగు పట్టే అవకాశం కూడా ఉంటుందనీ ముందే చెప్పి, మెరుపు లేని నల్లరంగు అన్ని వైపులా పట్టించి, కొసలకు సన్నగా పసుపు వేశారు. అసలు విమానంలో నాలుగు అంగుళాలుండే ఆ పసుపు పట్టీ ఇక్కడ ఒకటిన్నర మిల్లీమీటర్ కూడా రాదు. మూడు ఆకుల్లో పాతది ఏదో ఇప్పుడు నేనే వెతుక్కోవాలి.

తోక మీది అక్షరాల్లో ఒకటి గీరుకుపోయింది. దాన్ని దిద్దవద్దన్నాను, ఆయనా సరేనన్నారు. పెచ్చులూడే చోట మాత్రం పలచని వార్నిష్‌తో నిలబెట్టారు. చక్రం కాడ మామూలు పనే, బాగానే కుదిరింది.

మొత్తం 2,200 రూపాయలు తీసుకున్నారు. చేతిపని చూస్తే ఇది తక్కువే. గడువు విషయంలో మాత్రం వారి మాట నమ్మి పని పెట్టుకోవద్దు. రథయాత్ర ముందు కొమ్ము బొమ్మలకు గిరాకీ పెరిగేసరికి మా విమానం మూలన పడింది, ఫోన్ చేస్తే తప్ప సమాచారం లేదు. ఎక్కడ ఏ జిగురు, ఏ రంగు వాడారో రాసి ఇచ్చే అలవాటు కూడా వారికి లేదు. నేను పట్టుబట్టి రాయించుకున్న చీటీ ఇప్పుడు నమూనాతోపాటే ఉంది, మరొకరు ఎప్పుడైనా దీన్ని విప్పవలసి వస్తే అది అవసరమవుతుంది. ప్యాకింగ్ గురించి మాత్రం ఒక్క మాట అనడానికి లేదు. బరువంతా మధ్య భాగం మీదే ఆగేలా, ప్రొపెల్లర్లకూ చక్రాలకూ ఏదీ తగలకుండా థర్మకోల్‌ను తొలిచి అమర్చారు. గుణుపురం రైలు కుదుపులకు ఏమీ కాలేదు.

ప్లాస్టిక్, చెక్క నమూనాలను మాత్రమే వారు తీసుకుంటారు. అచ్చుపోసిన లోహపు విమానాలు, కార్లు తీసుకువెళ్లి ప్రయోజనం లేదు. వాటిలోని జింకు మిశ్రమంలో సీసం వంటి మలినాలు ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ లోహం లోపలినుంచే బీటలువారి పొడిపొడిగా రాలుతుంది, దానికి మందు లేదు. నేనున్నప్పుడే బరంపురం నుంచి అటువంటి విమానం పట్టుకొచ్చిన ఒక పెద్దాయనకు ఆ మాటే చెప్పి, డబ్బు తీసుకోకుండా వెనక్కి పంపేశారు.