ఆ పేజీలో అమెరికా చాక్లెట్ కేక్ మిక్స్ బాక్సులు కొనకండి, ముందు తేదీ చూడండి

వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుని బేకింగ్ సామాన్లు పార్సిల్ చేసే ఆ ఇంపోర్టెడ్ సరుకుల పేజీ ఏదో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయడం లేదు. డెవిల్స్ ఫుడ్ (ముదురు చాక్లెట్ కేక్) మిక్స్ బాక్సు, పైన పోసే చాక్లెట్ సాస్ కలిపి "గూయీ కేక్ కాంబో" (గూయీ అంటే తడిగా, జిగురుగా ఉండేది) అంటూ రోజూ స్టోరీలు పెడుతున్నది వాళ్ళే. గడువు దాటిన సరుకు అంటగడుతున్నారు. అడిగితే మనకే చేతకాదంటున్నారు.

జూలైలో వచ్చిన బాక్సు మీద తేదీ 04/09 అని ఉంది. కేక్ పొంగలేదు, అడుగున వేలెడు మందాన సాగే ముద్ద. ఫోటో పంపితే వచ్చిన జవాబు: "గూయీ కేక్ అంటే అలాగే ఉంటుంది మేడమ్. స్పాంజి కావాలంటే బేకరీలో కొనుక్కోండి." తేదీ సంగతి ఎత్తితే, "సెప్టెంబర్ 4 దాకా టైముంది, చదువుకున్నవాళ్ళే కదా మీరు" అన్నారు. అదే పార్సిల్‌లో వచ్చిన రెండో బాక్సు మీద 04/22 అని ఉంది. ఇరవై రెండో నెల ఏ క్యాలెండర్‌లో ఉంది? అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత వేస్తారు. అంటే ఒకటి ఏప్రిల్ 9, ఇంకోటి ఏప్రిల్ 22. రెండో బాక్సు ఫోటో పంపగానే నంబరు బ్లాక్ చేశారు. డబ్బు పోయినదానికన్నా ఆ "చదువుకున్నవాళ్ళే కదా" అన్న మాట ఎక్కువ మండిస్తోంది. తెలియక పంపినవాళ్ళయితే సారీ చెప్పేవాళ్ళు, బ్లాక్ చేసేవాళ్ళు కాదు.

"గూయీ అంటే అలాగే ఉంటుంది" అన్న మాట నమ్మి ఊరుకున్నవాళ్ళు ఇంకెంతమందో. కొత్తగా చేస్తున్నవాళ్ళు తప్పు తమదే అనుకుంటారు, అందుకే ఇంత రాస్తున్నా. గూయీ కేక్‌లో జిగురు, తడి సాస్ వల్ల రావాలి. ఉడకని పిండి వల్ల కాదు. కేక్ పూర్తిగా పొంగి, లోపల సన్నని గాలి గదులు ఏర్పడి ఉడికాకే సాస్ పోస్తాం. ఆ గదులే సాస్‌ని పీల్చుకుంటాయి. పొంగని కేక్‌లో గదులే ఉండవు కాబట్టి పోసిన సాస్ పైన మడుగు కడుతుంది, లేదా అంచుల వెంట జారి అడుగున చేరుతుంది. ఆ పేజీ స్టోరీల్లో కొందరు కస్టమర్లు పెట్టిన ఫోటోలు జూమ్ చేసి చూడండి, సాస్ అంతా ప్లేటులోనే ఉంది.

మంచి మిక్స్‌తో ఇది తేలికైన కేక్. 432 గ్రాముల డెవిల్స్ ఫుడ్ బాక్సుకి సాధారణంగా మూడు గుడ్లు, అరకప్పు నూనె, కప్పుంపావు నీళ్ళు. మీ బాక్సు మీద వేరే కొలత ఉంటే అదే పాటించండి, ఎందుకంటే బాక్సులు చిన్నవవుతున్నాయి. ఒకప్పుడు 517 గ్రాములుండేవి, తర్వాత 432కి వచ్చాయి, ఇప్పుడు 375వీ ఉన్నాయి. పాత వీడియో కొలత కొత్త బాక్సుకి పెడితే పిండి పల్చనై మధ్యలో కుంగుతుంది. నీళ్ళ బదులు గోరువెచ్చటి కాఫీ డికాషన్ పోస్తే చాక్లెట్ రుచి ఇంకా లేస్తుంది. ఓవెన్ 175 డిగ్రీలకి ముందే వేడెక్కి ఉండాలి. 9 బై 13 అంగుళాల ట్రే అయితే అరగంటకి అటూ ఇటూ. మన ఇళ్ళలో ఉండే చిన్న ఓటీజీ ఓవెన్‌లో ఆ ట్రే పట్టదు, రెండు 8 అంగుళాల గుండ్రటి టిన్నుల్లో పంచండి. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు పొడి పలుకులు అంటితే ఫరవాలేదు. దించాక పది పదిహేను నిమిషాలు ఆగి, చెక్క గరిటె కాడతో అంగుళానికొకటి చొప్పున రంధ్రాలు పెట్టండి, అడుగు దాకా దిగకుండా. కండెన్స్‌డ్ మిల్క్ ఒక టిన్నులో ముప్పావు వంతు, అందులో సగం కొలత చాక్లెట్ సాస్ కలిపి గోరువెచ్చగా పోసి, రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి.

పాత మిక్స్‌తో ఇదేదీ ఎందుకు కుదరదో చూడండి. మిక్స్‌లో వంట సోడా ఉంటుంది, దానితో కలిసి గ్యాస్ పుట్టించే పొడి యాసిడ్లు ఉంటాయి. కొంత గ్యాస్ తడి తగలగానే, మిగతాది ఓవెన్ వేడికి రావాలి. నెలల తరబడి గోడౌన్‌లో ఉండి, వానాకాలం గాలిలోని తేమ పీల్చుకుంటే అవి కవర్‌లోనే మెల్లగా చర్య జరిపేసుకుంటాయి. గ్యాస్ అప్పుడే పోతుంది, మనింటికొచ్చేది పంచదార, మైదా, కోకో మాత్రమే. ఇంకోటి, మిక్స్‌లో ఉండే కొవ్వు పాడవుతుంది. పొడిగా ఉన్నప్పుడు కోకో వాసన దాన్ని కప్పేస్తుంది, ఓవెన్‌లో వేడెక్కాక పాత నూనె వాసన బయటపడుతుంది.

తప్పు కేక్ చేసినవాళ్ళదా, మిక్స్‌దా అని తేల్చడం కష్టం కాదు. ముందే ఓవెన్ తలుపు తీసినా, సరిగా ఉడకకపోయినా, అంచులు బాగా పొంగి మధ్య మాత్రమే కుంగుతుంది. మిక్స్ చచ్చిపోయి ఉంటే అంచులు కూడా లేవవు. టిన్నులో పిండి పోసినప్పుడు ఎంత ఎత్తుందో కాలాక దాదాపు అంతే ఉంటుంది, కోసి చూస్తే గట్టిగా పట్టేసిన ముక్క. అమ్మినవాళ్ళు వాదిస్తే ఇలా కోసిన ముక్క ఫోటోనే పంపండి.

గుడ్లూ నూనే వృథా కాకముందే పరీక్ష చేసుకోవచ్చు. రెండు చెంచాల మిక్స్ గాజు గ్లాసులో వేసి వేడినీళ్ళు పోయండి. బుడగలతో నురగ పైకి లేస్తే ప్రాణం ఉన్నట్టు. పొడి అడుగుకి దిగి నీళ్ళు ఊరికే నల్లబడితే లేనట్టు. వాసన బాగుండి, వేళ్ళతో నలిపితే విడిపోయే ఉండలే ఉంటే, 432 గ్రాములకి ఒకటిన్నర టీస్పూన్ల కొత్త బేకింగ్ పౌడర్ కలిపి గట్టెక్కవచ్చు. సీలు చెడని బాక్సు గడువు కాస్త దాటినంత మాత్రాన విషం కాదు, పొంగడం తగ్గుతుంది అంతే. రాయిలా బిగిసిన ఉండలున్నా, ముక్క వాసనొచ్చినా మాత్రం వాడకండి.

అసలు భయం వేరే ఉంది. ఈ పేజీవాళ్ళే బాక్సులు విప్పి పావుకిలో జిప్ కవర్లలో లూజుగా కూడా అమ్ముతున్నారు. సీలు తీసిన మైదా మిక్స్ వేడి, తేమ ఉన్నచోట నిల్వ ఉంటే కంటికి కనపడని డస్ట్ మైట్స్ అనే పురుగులు చేరతాయి. అవి పడనివాళ్ళకి తిన్న కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం దాకా వెళ్తుంది. డాక్టర్లు దీన్నే పాన్‌కేక్ సిండ్రోమ్ అంటారు. కాల్చినా ఆ అలర్జీ గుణం పోదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళవాళ్ళు, ఇంట్లో డస్ట్ అలర్జీ, ఆస్తమా ఉన్న పిల్లలుంటే లూజు మిక్స్ జోలికి అసలు పోవద్దు.

ఇంకోమాట, సక్రమంగా దిగుమతయిన బాక్సు మీద ఇండియా స్టిక్కర్ ఉంటుంది. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గుర్తుతో 14 అంకెల లైసెన్సు నంబరు, రూపాయల్లో ఎంఆర్‌పీ ఉండాలి. వీళ్ళ బాక్సుల మీద ఒక్కటీ లేదు. డబ్బు కట్టకముందే తేదీ, ఆ స్టిక్కర్ కనపడేలా ఫోటో అడగండి, పంపకపోతే వదిలేయండి. ఇప్పటికే మోసపోయినవాళ్ళు బాక్సు, మిగిలిన పొడి పారేయకండి. చాట్, యూపీఐ రసీదు స్క్రీన్‌షాట్లు దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కల్తీ, గడువు దాటిన సరుకు ఫిర్యాదుకి ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ కూడా ఉంది. చాట్ స్క్రీన్‌షాట్లు మాత్రం బ్లాక్ అవకముందే తీసుకోండి, వాళ్ళు పంపిన మెసేజులు డిలీట్ చేస్తున్నారు.