ప్రకాశమా, గోపాలరెడ్డా?

1953 అక్టోబర్ 1 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా నిలిచిన ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రులు ఇద్దరే: టంగుటూరి ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి. (రెండోవారి ఇంటిపేరే బెజవాడ, ఊరు నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం.)

ప్రకాశం గారు పగ్గాలు పట్టేనాటికే ఎనభై దాటారు. 1928లో సైమన్ కమిషన్‌ను ఎదిరిస్తూ మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన మనిషికి ధైర్యం కొదవా? కొదవ సభలో బలానికే. మద్యనిషేధం గొడవ ముదిరి 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానంపై ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. అయినా ఆ పదమూడు నెలలు మనకు వట్టిగా పోలేదు. రాజధాని కర్నూలుకు వెళ్లినా హైకోర్టు 1954 జూలైలో గుంటూరులో మొదలైంది. 1952లో కృష్ణ పాత ఆనకట్ట తెగాక కావలసిన బ్యారేజీ పని కూడా 1954లోనే మొదలై 1957లో పూర్తయింది. విజయవాడలో 70 గేట్లతో నిలబడ్డ ఆ బ్యారేజీకి ఆయన పేరు పెట్టడం న్యాయమే.

గోపాలరెడ్డి గారిది వేరే దారి. శాంతినికేతన్‌లో చదివారు, ఠాగూర్‌ను తెలుగులోకి తెచ్చారు. రాష్ట్రపతి పాలన తర్వాత 1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులు 15 సీట్లకు పడిపోవడంతో ఆయనకు గట్టి మెజారిటీ దక్కింది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసింది ఈ హయాంలోనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడితే కుర్చీ నీలం సంజీవరెడ్డికి వెళ్లింది. నిన్నటి ముఖ్యమంత్రి అదే మంత్రివర్గంలో మంత్రిగా చేరారు. తెగువలో ప్రకాశం గారిదే పైచేయి, సర్దుకుపోయే గుణంలో మాత్రం గోపాలరెడ్డి గారికే నా ఓటు.