కారు కిందికి దించాలంటే: స్ప్రింగులా, కాయిలోవర్లా?

"లోయరింగ్ స్ప్రింగులు సరిపోతాయా, కాయిలోవర్లే వేయించాలా?" అని చాలామంది అడుగుతున్నారు. లోయరింగ్ స్ప్రింగులంటే బండితో వచ్చినవాటికంటే పొట్టివి; కాయిలోవరంటే స్ప్రింగు, షాక్ (స్ప్రింగు ఊపును ఆపే షాక్ అబ్సార్బర్) ఒకే సెట్‌గా వచ్చి, ఎత్తు మార్చుకోగలిగేది. చూపు కోసమే అయితే ఏదైనా ఒకటే. మలుపుల్లో బండి కుదురుగా తిరగాలంటే మాత్రం, దించాక సస్పెన్షన్ పైకి కదలడానికి ఎంత చోటు మిగిలిందో ముందు చూడాలి.

చిన్న లెక్క వేద్దాం. బండి గరిమనాభి నేలకు 550 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 30 మిల్లీమీటర్లు దించితే, మలుపులో బయటి చక్రాల మీదికి మళ్లే బరువు తగ్గేది సుమారు 5 శాతమే. బంప్ స్టాప్ (షాక్ చివరిదాకా అణగకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేలోపు ఉన్న కదలిక 70 మిల్లీమీటర్లయితే, అందులోంచి అదే 30 పోతుంది. అంటే 40 శాతం పైనే! మలుపు మధ్యలో ముందు షాక్ బంప్ స్టాప్ మీద కూర్చుంటే ఆ మూల ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. టైరు పట్టు తప్పి, స్టీరింగ్ తిప్పినా బండి మలుపు బయటికే పోతుంది. అందుకే దించిన బండికి గట్టి స్ప్రింగు తప్పనిసరి.

మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసి చక్రాన్ని పట్టి ఉంచే ఒకే నిలువు స్తంభం) ఉన్న బండ్లకు ఇంకో చిక్కు ఉంది. బాగా దించితే కింది ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కడ్డీ) చక్రం వైపు పైకి వాలుతుంది. అప్పుడు గరిమనాభి కంటే రోల్ సెంటర్ (మలుపులో బాడీ దేని చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు) ఎక్కువ దిగిపోతుంది, బాడీ ఒరగడానికి మీట పొడవవుతుంది. స్ప్రింగు గట్టిదనం పెంచకుండా దించిన కారు ముందుకంటే ఎక్కువ ఒరగొచ్చు కూడా.

నా ఓటు 25–30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులకు, వాటికి సరిపోయే షాకులతో కలిపి. పాత షాకుల మీద స్ప్రింగులు మాత్రమే మార్చి డబ్బు మిగుల్చుకోవద్దు. గట్టి స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని ఆపే బలం పాత షాక్‌కు చాలదు, గతుకు దాటాక బండి ఊగుతూనే ఉంటుంది. కిట్‌తో పొట్టి బంప్ స్టాపులు వస్తే అవే వేయించండి.

కాయిలోవర్లు తీసిపారేసేవి కావు. ట్రాక్ మీద తిప్పేవాళ్లకు, నాలుగు మూలల బరువు తూచి సరిచేసుకునేవాళ్లకు వాటిని మించింది లేదు. కొనేముందు ఎత్తు ఎలా మారుతుందో చూడండి: కింది బ్రాకెట్ తిప్పి దించేవాటిలో షాక్ కదలిక అలాగే ఉంటుంది, స్ప్రింగు కూర్చునే రింగు ఒక్కటే దిగేవాటిలో తగ్గిపోతుంది. రోజువారీ బండికి అన్ని సర్దుబాట్లు అక్కర్లేదు. చాలామంది డ్యాంపింగ్ (షాక్ కదలికను అడ్డుకునే బిగువు) అంతా బిగించేస్తారు, గరుకు రోడ్డు మీద టైరు నేలను అంటుకోకుండా ఎగురుతుంది.

స్ప్రింగు కోయించడం వద్దే వద్దు: చక్రం వేలాడినప్పుడు అది సీటులోంచి జారొచ్చు. ఎయిర్ సస్పెన్షన్ ప్రదర్శనలకు బాగుంటుంది.

ఏది వేయించినా అలైన్‌మెంట్ చేయించండి. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా వస్తే టైర్ల అంచులు త్వరగా అరిగిపోతాయి. హెడ్‌లైట్ల గురి కూడా సరిచేయించండి. తర్వాత షాక్ రాడ్‌కు చిన్న జిప్ టై బిగించి, షాక్ గొట్టానికి ఆనేలా కిందికి జరిపి, రోజూ వెళ్లే దారిలో నడిపి చూడండి. టై పైకి జరిగి బంప్ స్టాప్‌కు తగిలి ఉంటే బండి ఎక్కువే దిగింది. కాయిలోవర్లయితే కొంత లేపండి, స్ప్రింగులైతే తక్కువ దించేవి తీసుకోండి.