పూల్ చుట్టూ రాయి, మొక్కలు: కొన్నేళ్లు వాడాక నా మాట

మొయినాబాద్ దగ్గర మా తోటలో 2019లో స్విమ్మింగ్ పూల్ కట్టించాం. పూల్ వేసేవాళ్లు ఫిల్టర్ గురించి, పంపు గురించి ఎంతసేపైనా చెబుతారు. గట్టు మీద ఏం వేయాలంటే నాలుగు ఫొటోలు చూపించి ఊరుకుంటారు. అందుకే నీళ్ల సంగతి పక్కనపెట్టి గట్టు గురించే రాస్తున్నాను.

మేం వేయించింది పసుపు రంగు తాండూరు నాపరాయి, పాలిష్ లేనిది. నాకు చాలా నచ్చింది. మే నెల మధ్యాహ్నం ఏ రాయైనా కాలుతుంది, కానీ దీని మీద చెప్పులు లేకుండా గబగబా నడిచి నీళ్లలో దిగొచ్చు. షవర్ దగ్గర అందం కోసం ఒక వరుస కడప నల్లబండ వేశారు. ఎండాకాలం పిల్లలు దాని మీద అడుగు పెట్టలేరు, పొద్దుగూకినా సెగ తగ్గదు. నల్లరాయి మీద మనసుంటే గోడకు వాడుకోండి. పాలిష్ చేసిన నాపరాయి మాత్రం వద్దేవద్దు, తడిస్తే కాలు నిలవదు.

నాపరాయి అంటే సున్నపురాయే కాబట్టి యాసిడ్‌తో జాగ్రత్త. నీటి పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంచడానికి వాడే యాసిడ్ ఒక్క చుక్క పడినా బుసబుస పొంగి తెల్లటి మచ్చ పడుతుంది. ఎంత తుడిచినా పోదు. మా దగ్గర యాసిడ్ డబ్బా ఎప్పుడూ ప్లాస్టిక్ ట్రేలోనే ఉంటుంది. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసే మెషీన్ పెట్టుకునేవాళ్లకు ఈ రాయి చెప్పను. చిందిన నీళ్లు ఆరాక ఉప్పు రాతి పొరల్లో చేరి పెచ్చులు లేపుతుంది. వాళ్లకు లేతరంగు గరుకు గ్రానైట్ మేలు.

అయితే అసలు పనంతా రాయి కింద ఉంది. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. మా మేస్త్రీ మూడడుగుల లోతున రేగడి తీయించి, మొరం పొరలుపొరలుగా పోసి, నీళ్లు పట్టి రోలర్ తొక్కించాకే కాంక్రీట్ బెడ్ వేశాడు. పూల్ అంచు రాయికీ చుట్టూ ఉన్న బండలకూ మధ్య అరంగుళం సందు వదిలి, సిమెంటుతో కాకుండా రబ్బరులా సాగే సీలెంట్‌తో నింపాడు. నేల కాస్త కదిలినా ఆ ఒత్తిడి పూల్ గోడ మీద పడదు. పక్క తోటలో రేగడి మీద నేరుగా పరిచిన బండలు రెండో వానాకాలానికే ఎగుడుదిగుడయ్యాయి. మావి ఇప్పటికీ మట్టంగా ఉన్నాయి. వాటం కూడా పూల్ వైపు కాకుండా బయటికి, పది అడుగులకు రెండంగుళాలకు తగ్గకుండా ఇచ్చి, చివర జాలీ కాలువ పెట్టాడు. ఎంత పెద్ద వాన పడినా బురదనీళ్లు పూల్‌లోకి రావు. ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే మొక్కలు తర్వాత కొనుక్కోవచ్చు. ఈ పని మాత్రం తర్వాత చేయలేం.

మొక్కలు చాలావరకు కడియం నర్సరీల నుంచి తెప్పించాం. అక్కడి మొక్కల వేళ్లకు ఒండ్రుమట్టి ముద్దలా పట్టుకుని వస్తుంది. దాన్ని బాగా నానబెట్టి, అంచులు వదులు చేసి నాటితేనే వేళ్లు మన మట్టిలోకి పాకుతాయి.

అన్నిట్లోకీ నాకిష్టం దేవగన్నేరు. చలికాలంలో ఆకంతా రాల్చేస్తుంది, అయినా పెద్ద ఆకు కాబట్టి చేత్తో ఏరేయొచ్చు. వేపతో అలా కుదరదు. ముందునుంచీ ఉన్న పెద్ద వేపచెట్టు ఉగాది ముందు పూతంతా నీళ్ల మీద పొడిలా చల్లుతుంది. ఆ రోజుల్లో నీటి మీద తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట పొద్దునా సాయంత్రం దులపాల్సిందే. అయినా దాన్ని కొట్టనివ్వను, మాకున్న నీడంతా దానిదే. వెదురు ఆకులు, కాగితపు పూలు గాలికి ఎగిరి నీళ్లలో పడుతూనే ఉంటాయి, దూరంగా వేసుకోండి. ఎర్ర గన్నేరు ఆకు నుంచి కాయ దాకా విషం, పిల్లలు తిరిగే చోట అసలొద్దు.

చాటు కోసం కోనోకార్పస్ వేద్దామని ల్యాండ్‌స్కేప్ వాళ్లు పట్టుబట్టారు, త్వరగా పెరుగుతుందని. దాని వేళ్లు పైపుల్లోకి, కాలువల్లోకి దూరతాయి. గుజరాత్‌లో 2023లో దాన్ని నాటొద్దని నిషేధించారు కూడా. మేం పడమర వైపు క్లూసియా వేశాం. పెరగడం నిదానమే, కానీ ఆకు మందం, రాలేది తక్కువ, క్లోరిన్ నీళ్లు చిందినా తట్టుకుంటోంది. జూన్, జులై గాలులకు వచ్చే దుమ్మూ బాగా తగ్గింది.

గడ్డి నీటి దాకా వద్దు. తడికాళ్లకు అంటుకుని లోపలికి వస్తుంది. నీటికీ లాన్‌కూ మధ్య ఐదడుగుల రాయి ఉంటే చాలు. ఫిల్టర్ బ్యాక్‌వాష్ నీళ్లు, అంటే ఫిల్టర్ కడిగాక వచ్చే మురికినీళ్లు, లాన్‌కు వదలకుండా ఇంకుడు గుంతకు పంపండి, లేదంటే గడ్డి ఎర్రబారుతుంది. లైట్లు 12 వోల్టులవి, పసుపు వెలుగువి పెట్టుకోండి. తెల్ల లైటుకైతే తొలకరి రాత్రి ఉసిళ్లన్నీ నీళ్లలోనే.

నాకు నచ్చనిది ఒక్కటే, కుర్చీల కింద వేయించిన డబ్ల్యూపీసీ చెక్క, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు. కడప బండలాగే కాలుతుంది, ఎండ తగిలిన సగం రంగు వెలిసిపోయింది. వచ్చే వేసవిలోపు దాన్ని తీయించి అక్కడా పసుపు తాండూరే వేయిస్తున్నాం.