ఎదురు డబ్బిచ్చి చాకిరీ: సైలూరియన్ సర్వే పడవ రివ్యూ

డబ్బు మనమే కట్టాలి, పని కూడా మనమే చెయ్యాలి. ఈ మాట చెప్పగానే మా ఆవిడ చూసిన చూపు సంగతి వదిలేయండి. స్కాట్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు కొందరు "వేల్స్ (తిమింగలాలు) చూపిస్తారట కదా, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?" అని అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఇది టూరిస్టు బోటు కాదు. మల్ దీవిలో టోబర్‌మోరీ అనే ఊళ్లో హెబ్రిడియన్ వేల్ అండ్ డాల్ఫిన్ ట్రస్ట్ అని 1994లో మొదలైన సంస్థ ఉంది. వాళ్ల సర్వే పడవే సైలూరియన్. సుమారు 18 మీటర్ల తెరచాప పడవ, అంతకుముందు బీబీసీ వాళ్లు బ్లూ ప్లానెట్ సిరీస్ షూటింగుకి వాడారు. 2003 నుంచి మనలాంటి మామూలు జనాన్ని వాలంటీర్లుగా ఎక్కించుకుని స్కాట్లండ్ పడమటి తీరం పొడవునా తిమింగలాలు, డాల్ఫిన్లు, బాస్కింగ్ షార్కులనే పెద్ద సొరచేపల లెక్క రాస్తోంది.

పని ఏంటంటే చూడటం. తెరచాప స్తంభం దగ్గర ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు నిలబడి నీళ్లనే చూస్తుండాలి, లోపల ఇంకొకరు కంప్యూటర్లో ఎక్కిస్తుంటారు, మళ్లీ అందరూ స్థానాలు మారతారు. ఏదైనా కనిపించగానే అరిస్తే సరిపోదు. పడవకి ఏ కోణంలో ఉంది, ఎంత దూరం, ఎన్ని ఉన్నాయి, ఎటు పోతున్నాయి, అన్నీ చెప్పాలి, ఆ దూరం అంచనా వెయ్యడం మాత్రం మొదట్లో అస్సలు చేతకాదు. ఏ జాతో తెలియకపోతే తెలియదనే రాయిస్తారు, ఊహించి చెప్పనివ్వరు, నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది అక్కడే. పీతలు, రొయ్యలు పట్టే బుట్టలకి గుర్తుగా కట్టి నీళ్ల మీద తేలించే బోయాలు కూడా లెక్కపెట్టాలి, ఎందుకంటే ఆ తాళ్లలో మింకీ తిమింగలాలు చిక్కుకుంటాయి.

ఇప్పుడు అసలు విషయం. గంటల తరబడి ఏమీ కనిపించదు. ఫోటోల కోసం వెళ్లేవాళ్లకి ఇక్కడే నీరసం వచ్చేస్తుంది, కానీ సర్వేకి ఆ ఖాళీ గంటలు కూడా కావాలి. కనిపించినవి మాత్రమే రాసుకుంటే జనం ఎక్కువ తిరిగే చోట వేల్స్ ఎక్కువ ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఎక్కడెక్కడ వెతికాం, అలలు ఎంత ఉన్నాయి, చూపు ఎంత దూరం ఆనింది, అయినా ఏమీ కనపడలేదు అన్నది కూడా రాసుంటేనే ఈ ఏడాదిని పోయిన ఏడాదితో పోల్చగలరు. ఇలా ఏళ్లకేళ్లు పోగైన లెక్కలు ఊరికే పోలేదు. మింకీ తిమింగలాలు, బాస్కింగ్ షార్కుల కోసం 2020 డిసెంబరులో ఈ తీరం పక్కనే ఉన్న సీ ఆఫ్ ద హెబ్రిడీస్ అనే సముద్ర భాగాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, దాని వెనక ఈ పడవ డేటా కూడా ఉంది. నేను కట్టిన డబ్బు ఆ ఖాళీ గంటలకే అనుకుంటే నాకు గిట్టుబాటే.

నాకు బాగా నచ్చింది హైడ్రోఫోన్. నీళ్లలో వినే మైకుని 100 మీటర్ల కేబుల్‌కి కట్టి పడవ వెనక లాక్కెళ్తారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కామన్ డాల్ఫిన్ల ఈలలు, క్లిక్కులు వినిపిస్తాయి, పైన చూస్తే ఒక్కటీ ఉండదు, కాసేపటికి గుంపుగా వచ్చి పడవ ముందు ఈదుతుంటాయి. డాల్ఫిన్లకి చుట్టాల్లాంటి చిన్న జంతువులు హార్బర్ పోర్పస్‌లు, వాటి క్లిక్కులు దాదాపు 130 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, మన చెవి 20 దాటితే వినలేదు కాబట్టి వాటిని తెర మీద చూడాల్సిందే. సీల్ అనే సముద్ర జంతువుల్ని తరమడానికి సాల్మన్ చేపల ఫారాల దగ్గర అప్పట్లో పెట్టిన యంత్రాల మోత కూడా ఇందులో పడేది. అది ఎంత దూరం పాకిందో, ఎలా పెరిగిందో ఈ రికార్డింగుల నుంచే లెక్కగట్టారు. మోటారు హోరు, ఈ మోత కలిపి వింటే కింద బతికేవాటి మీద జాలేస్తుంది.

బస గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఇరుకు బెర్తులు, రాత్రికి ఏదో ఒక దీవి పక్కన లంగరు, వంట, గిన్నెలు అందరూ వంతులవారీగా. ప్రైవసీ కావాలనుకునేవాళ్లు ఆలోచించుకోండి. జూలైలో కూడా చలి కోట్లు పట్టుకెళ్లాలి. కడుపులో తిప్పే రకం అయితే మాత్ర పడవ ఎక్కకముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది. చౌక మాత్రం కాదు, రోజులను బట్టి రేటు మారుతుంది, దానికి తోడు గ్లాస్గో నుంచి ఓబన్‌కి రైలు, అక్కడ్నుంచి మల్ దీవిలోని క్రెయిగ్‌న్యూర్‌కి ఫెర్రీ, ఆపైన టోబర్‌మోరీకి బస్సు ఖర్చులు.

చిన్నపిల్లలున్నవాళ్లకి ఇది కుదరదు. వాళ్లు ఇదే సంస్థ తెచ్చిన వేల్ ట్రాక్ యాప్ ఫోన్లో వేసుకుని ఆర్డ్‌నమర్కన్ లైట్‌హౌస్ దగ్గరో, ఫెర్రీ డెక్ మీదో కూర్చోవచ్చు, పైసా ఖర్చు లేదు. చూసిన జంతువుతో పాటు ఎంతసేపు వెతికామన్నదీ అందులో నమోదవుతుంది, ఏమీ కనపడకపోయినా పంపండి. పవర్ బ్యాంక్ ఒకటి జేబులో పెట్టుకుంటే మంచిది.