హైదరాబాద్‌లో పరుగు దారులు: కాళ్లు చెప్పిన మార్కులు

హైదరాబాద్‌లో పరుగుకు మంచి చోటేదని అడిగితే ఎవరైనా ముందు కేబీఆర్ పార్కు పేరే చెప్తారు. నేనైతే ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ఇల్లెక్కడ, మోకాళ్లెలా ఉన్నాయి? కొన్నేళ్లుగా కేబీఆర్, నెక్లెస్ రోడ్, కొత్తగూడ బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు, ఉస్మానియా క్యాంపస్ మార్చి మార్చి పరిగెత్తుతున్నాను. పచ్చదనం ఎంతున్నా నెల తిరిగేసరికి కళ్లకు అలవాటైపోతుంది. కాళ్లకు మాత్రం ప్రతి రోజూ కొత్తే. కింద మట్టా, టైల్సా, సిమెంటా? మధ్యలో నీళ్లు, టాయిలెట్ దొరుకుతాయా? గేటు ఎన్నింటికి తీస్తారు? నేను మార్కులు వేసేది వీటికే.

ముందు కేబీఆర్ సంగతి. నిజాం వారసుడు ముకర్రం జా కట్టించుకున్న చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి ఇది. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించి మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. ఊరి నడిబొడ్డున బండరాళ్లు, నెమళ్లు, పొదలు ఇంత దగ్గరగా ఇంకెక్కడా దొరకవు. పార్కు లోపల ఒక నడకదారి, కంచె బయట ఫుట్‌పాత్ వెంట ఇంకొకటి ఉన్నాయి. లోపలికి టికెట్ కొనాలి, రోజూ వెళ్లేవాళ్లు పాస్ తీసుకుంటారు. మట్టి దారి, చల్లటి నీడ, నెమలి అరుపులు, అన్నీ బాగానే ఉంటాయి. కానీ పరుగుకు లోపల వీలు తక్కువ. నలుగురు పెద్దమనుషులు వరసగా దారంతా పరుచుకుని షేర్ మార్కెట్, రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తుంటారు. ‘సార్, కొంచెం సైడ్’ అంటూ ఎన్నిసార్లని తప్పుకుంటూ పోతాం? వాళ్ల పార్కులో మనం చొరబడ్డట్టు చూస్తారు. వాళ్ల తప్పేం కాదు, అది నడిచేవాళ్ల పార్కే. పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొడతారని 2016లో గొడవైనప్పుడు ముందుకొచ్చి నిలబడ్డవాళ్లలో వాకర్లూ ఉన్నారు.

అందుకే రన్నర్లంతా బయటి దారి పడతారు. ఒక రౌండ్ ఐదు కిలోమీటర్లు దాటుతుంది. సమతలం అనే మాటే లేదు, ఎక్కడమో దిగడమో అంతే. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు ఎక్కేటప్పుడు తొడలు మండుతాయి. ఈ ఎత్తుపల్లాలే దీనికున్న అసలు విలువ, ఎందుకో తర్వాత చెప్తాను. చికాకంతా టైల్స్‌తోనే. చెట్ల వేళ్లు కింది నుంచి తోసి అక్కడక్కడ ఒక మూల పైకి లేపాయి. వెలుతురు చాలని పొద్దున కాలు తగిలితే పడ్డట్టే. ఏడున్నర దాటితే హారన్లు, పొగ. మెట్రో స్టేషన్ దగ్గర్లోనే ఉంది కదా అనుకుంటారు, కానీ మొదటి రైలు ఆరింటికి. వేసవిలో ఆరింటికల్లా సగం పరుగు అయిపోయి ఉండాలి. కాబట్టి బండి తప్పదు, పార్కింగ్ వెతుకులాటా తప్పదు.

నా మనసు పడ్డది కొత్తగూడ బొటానికల్ గార్డెన్ మీద. కోట్ల విజయభాస్కరరెడ్డి పేరున్న తోట ఇది. చుట్టూ హైటెక్ సిటీ, కొండాపూర్ అపార్ట్‌మెంట్లు, ఫ్లైఓవర్లు లేచాక ఈ తోట ఎలా మిగిలిందా అని ఆశ్చర్యమేస్తుంది. గేటు దాటి పది నిమిషాలు లోపలికి పోతే చాలు, ట్రాఫిక్ రొద వినపడదు. ఇక్కడి మట్టి దారి మోకాళ్లకు వరం. ఎండాకాలంలో గట్టిపడి, పైన పలచగా దుమ్ము పరుచుకుని ఉంటుంది, అడుగు వేస్తే మెత్తటి చప్పుడు. తొలకరి పడ్డాక చూడాలి. ఎర్రమట్టి బూటు కింది గాళ్లలో ఇరుక్కుని, నాలుగు అడుగులకోసారి బరువెక్కి, ఏదో రాయికేసి గీకితే గానీ వదలదు. ఆ రోజుల్లో పేస్, అంటే కిలోమీటరుకు ఎంతసేపు పట్టిందన్న లెక్క, గురించి ఆలోచించకూడదు. రాలిన ఆకుల కింద వేళ్లు కనపడవు కాబట్టి చూపు రెండడుగుల ముందే ఉండాలి. గుండ్రాళ్ల మధ్య మలుపుల్లో వేగం ఎలాగూ తగ్గుతుంది. రోడ్డు మీద కొట్టిన దూరమే ఇక్కడ కొడితే చెమట ఎక్కువ పడుతుంది, మర్నాడు నొప్పి మాత్రం తక్కువ.

లోటు లేదని కాదు. గేటు తీసేదాకా ఆగాలి, అంటే ఆఫీసు రోజుల్లో హడావిడే. వానాకాలంలో పాముల భయం ఉంది, పొదల అంచున పరిగెత్తవద్దు. దారులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి కనక కొత్తవాళ్లు తిరిగిన చోటే తిరుగుతారు. అయినా ఆడవాళ్లం ఒంటరిగా ఇయర్‌ఫోన్స్ తీసేసి ధీమాగా పరిగెత్తగలిగే చోట్లలో దీన్ని ముందు పెడతాను. ఎనిమిది దాటితే ఫొటోషూట్ జంటలు దిగుతారు, ఆలోపు తెమిలిపోవాలి.

లాంగ్ రన్‌కు, అంటే వారానికోసారి వేసే ఎక్కువ దూరం పరుగుకు, మాత్రం నెక్లెస్ రోడ్డే. పీపుల్స్ ప్లాజా దగ్గర ఆదివారం తెల్లవారకముందే కార్ల డిక్కీలు తెరిచి అరటిపళ్లు, నీళ్ల క్యాన్లు పెట్టుకుని గ్రూపులు తయారు. అక్కడి నుంచి సంజీవయ్య పార్కు మీదుగా ట్యాంక్‌బండ్, సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్ చుట్టి వస్తే హుస్సేన్‌సాగర్ ఒక రౌండ్ పూర్తవుతుంది. అంతా దాదాపు సమతలమే. ఒక పక్కంతా నీళ్లు, వాటి మధ్యలో బుద్ధుడు. ట్యాంక్‌బండ్ మీద నన్నయ, మొల్ల అంటూ విగ్రహాలు లెక్కపెట్టుకుంటూ పోవడం నాకిష్టం. వేమన ఎదురయ్యేసరికి నాకు ఆటవెలది కాదు కదా, ఊపిరే సరిగ్గా ఆడదు. వాసన సంగతి దాచను: గాలి ఎటు వీస్తే అటు కంపు, ఎండాకాలంలో మరీను. వినాయక నిమజ్జనం రోజుల్లో క్రేన్లు, బారికేడ్లు, కాబట్టి అటు పోవడమే దండగ. ఫుట్‌పాత్ అంతా రాయి, సిమెంటు కావడంతో వారంలో ఒక్కసారి మించి ఇక్కడ పరిగెత్తను.

హైదరాబాద్ మారథాన్‌కు తయారయ్యేవాళ్లకు ఇక్కడో మాట. ఆగస్టు చివర్లో ఈ పీపుల్స్ ప్లాజా నుంచే బయల్దేరి గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మధ్యలో ఫ్లైఓవర్లు, ఎత్తులు, పైగా ఆగస్టు ఉక్క. నెక్లెస్ రోడ్డు సమతలం మీదే నెలలు గడిపినవాళ్లు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నడకలోకి దిగుతారు. కేబీఆర్ బయటి దారికి విలువ అని పైన అన్నది అందుకే. వారంలో ఒక రోజు ఆ ఎత్తుల మీద రెండు రౌండ్లు వేసుకున్నవాళ్ల తీరే వేరు.

దుర్గం చెరువు చూడ్డానికి బాగుంటుంది. గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు, మీద 2020లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి. సాయంత్రం లైట్లు వెలిగాక సెల్ఫీల జనం, చెరువు అంచున దోమలు. పొద్దున్నే అయితే నాలుగైదు కిలోమీటర్లు తేలికగా పరిగెత్తి రావచ్చు. అంతకు మించి ఆశపడొద్దు.

ఉస్మానియా క్యాంపస్‌కు తక్కువ పేరుంది, నా దృష్టిలో అది అన్యాయం. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి పెద్ద చెట్ల నీడలో రోడ్లు విశాలంగా సాగుతాయి, ఎత్తుపల్లాలు మోస్తరుగా ఉంటాయి, టీ కూడా దొరుకుతుంది. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు పక్క నుంచి దూసుకుపోతుంటే మన వేగం మనకే నవ్వొస్తుంది. కుక్కలు మాత్రం గుంపులుగా ఉంటాయి. పరుగు ఆపి మెల్లగా నడిస్తే అవే పక్కకు పోతాయి.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో వచ్చిన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ ట్రాక్ గురించి చాలామంది అడుగుతారు. అది సైకిళ్ల కోసం కట్టింది. వెనక నుంచి వేగంగా వచ్చే సైకిల్‌కు అడ్డం పడటం ఇద్దరికీ ప్రమాదమే, నేను వెళ్లను.

చివరిగా ఒక కోపం. పైన చెప్పినవాటిలో ఉస్మానియా తప్ప అన్నీ ఊరికి నడుమనో పడమరనో ఉన్నాయి. మా చెల్లెలు ఉండేది తూర్పు వైపు ఎల్బీనగర్‌లో. తనకు కేబీఆర్, బొటానికల్ గార్డెన్ అంటే పరుగు కన్నా ప్రయాణమే ఎక్కువ. ఇంటి దగ్గర కాలనీ పార్కులో చిన్న ట్రాక్ మీద గుండ్రంగా తిరుగుతోంది. అటు వైపు ఐదు కిలోమీటర్ల మట్టి దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వచ్చే ఆదివారమే బూట్లు వేసుకుని ఇద్దరం వస్తాం.