నోరా ఇను (1949): కుక్కను చూసి ఆపేయాల్సిన పనిలేదు

తెర మీద కుక్కకు దెబ్బ తగిలిందంటే మా పాప టీవీ ఆపేస్తాది. అందుకే జపాన్ దర్శకుడు అకీరా కురొసావా తీసిన ఈ పాత పోలీసు సినిమాను ముందు నేనొక్కణ్ణే చూసినా. పేరే ‘వీధికుక్క’ అయితే భయం ఉండదా మరి!

పేర్లు పడేటప్పుడు తెరంతా ఒక కుక్క మొగమే. నాలుక వేలాడేసుకుని రొప్పుతా ఉంటాది. చూడను కష్టమే. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పిచ్చికుక్కల్ని చూసినోణ్ణి కాబట్టి చెప్తా ఉండా: దానికి దవడ జారిపోతాది, గుటక పడదు, జొల్లు తీగలు తీగలుగా కారతాది. ఇది అట్ల కాదు. ఎండకు అలిసిన కుక్క. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం కొర్లగుంట సందుల్లో ఏ అరుగు కింద చూసినా ఇదే రొప్పు.

ఒక అమెరికా ఆమె మాత్రం, ఈ సినిమా కోసం మంచి కుక్కకు పిచ్చి ఎక్కించే సూది వేసినారని గొడవ చేసిందంట. అప్పుడు జపాన్ అమెరికా చేతికింద ఉండాది. చంపను పెట్టుకున్న వీధికుక్కను తెచ్చినామని, సాధు మొగం కాబట్టి భయంగా కనపడను రంగు పూసినామని, సైకిల్ పక్కన ఉరికించి రొప్పు తెప్పించినామని కురొసావా తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆమె గొడవప్పుడు పడినంత బాధ, దేశం యుద్ధంలో ఓడిపోయిందే అని ఇంకెప్పుడూ పడలేదంట. సినిమా సామాన్లు చూసుకునేవాళ్ళు ఆ కుక్కను ముద్దుగానే చూసుకున్నారంట. అయినా సైకిల్ పక్కన ఉరికించడం నాకు నచ్చలేదు. మా వీధిలో ఎవరన్నా ఆ పని చేస్తే తిడతా.

ఆ తర్వాత కుక్క కథలోకి రాదు. కిక్కిరిసిన బస్సులో కుర్ర డిటెక్టివ్ తుపాకీ పోతాది, లోపల ఏడు గుండ్లు. తొషిరో మిఫునే ఆ కుర్రోడు, తకాషి షిమురా అతనికి తోడుండే పెద్ద డిటెక్టివ్. అందరూ చెమట తుడుచుకోవడం, విసనకర్రలు ఊపుకోవడం చూస్తా ఉంటే మనకే దప్పిక. తుపాకీ కోసం కుర్రోడు మారువేషంలో టోక్యో వాడలన్నీ తిరిగే చోట మాత్రం సాగదీసినాడు. మా ఇంట్లో ఆమె అక్కడే నిద్రపోయింది.

రెండోసారి పాపను కూచోబెట్టినా. కుక్కను చూసి, ‘‘నాయనా, తర్వాత నీళ్ళిచ్చినారా?’’ అనింది. ‘‘ఇచ్చుంటార్లే’’ అన్నా. టీవీ ఆపలేదు.

అయిదుకు నాలుగు. పిల్లలు బెదిరేవాళ్ళయితే పేర్లు అయిపోయేదాకా ముందుకు జరిపేయండి, కథ పోదు.